టైరు గిన్నెలు

పోయిన వారం జయచంద్రను మనం చిన్నక్క ఇంటి వాకిట్లో వదిలిపెట్టాం. పాపం, అప్పటికే పొద్దున్నించీ ఎగువపల్లెలో ఇల్లిల్లూ తిరిగి తిట్లు తిని ఉన్నాడు. ఆ ఊళ్లో పట్టుపురుగులు పెంచే ఇళ్లన్నిటా పురుగులు చచ్చిపోయాయి. ఆ ఇళ్లన్నిటా జయచంద్ర అమ్మిన టైరు గిన్నెలున్నాయి. ఇంకేం, చంపింది రబ్బరేనని ఊరు తీర్మానించేసింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఆ మాట పుంగనూరు సంతలో ఒకరు అంటే మదనపల్లె బస్టాండులో ఇంకొకరు అందుకున్నారు. ఊరి చివర, వంక పక్కన, చిన్నక్క ఇల్లొకటే మిగిలింది. ఆమె తిట్లు కూడా తినేస్తే ఒక పనైపోతుందని తలుపు తట్టాడు. ఆమె తలుపు కొంచెమే తెరిచి, అటూ ఇటూ చూసి, అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. కథ అక్కడ ఆగింది.

లోపల మసక చీకటి. కళ్లు అలవాటు పడకముందే చెవులకు తెలిసిపోయింది. రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు చప్పుడు. తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు కొరుకుతున్నాయి. కడపటిసారి పొర విడిచి, అంటే కడపటి జ్వరం లేచి, వేలెడు పొడవున, తెల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంకో నాలుగైదు రోజులు మేస్తే గూళ్లు కట్టడానికి చంద్రికలనే వెదురు చాపల మీదికి ఎక్కుతాయి. జయచంద్ర వంగి తట్టలు పేర్చిన స్టాండు కాళ్లకింద చూశాడు. తన గిన్నెలే.

గిన్నెలని పేరేగానీ అవి అచ్చంగా గిన్నెలు కావు. పాత స్కూటరు టైరును నడిమికి చీలిస్తే రెండు గుండ్రటి తొట్లు అవుతాయి. నేల మీద పరిచి నీళ్లు పోస్తే కోట చుట్టూ కందకంలాగా నీళ్లు నిలుస్తాయి. నడుమ ఖాళీలో స్టాండు కాలు నిలబెట్టుకోవచ్చు. నీళ్లు దాటి చీమ ఎక్కలేదు, కాలు నీళ్లలో నానదు గనక కొయ్య పుచ్చదు. పట్టుపురుగులు పెంచేవాళ్లకు దొంగకన్నా చీమంటే భయం. ఇదివరకు మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి పెట్టేవాళ్లు, అవి కాలు తగిలితే పగిలేవి. ఈ ఉపాయం జయచంద్రకు తోచిన రోజు అతని భార్య ఇంట్లో పాయసం వండింది.

"సూసినావు గదా, బతికే ఉండాయి. ఇంగ పో," అంది చిన్నక్క గొంతు తగ్గించి. ఆమె నిన్నమొన్నటిదాకా ఊళ్లో పెద్ద రైతు సిద్ధమ్మ పొలంలో కూలికి పోయిన మనిషి. ప్రభుత్వం ఇచ్చిన నేల చెక్కలో మల్బరీ పెట్టుకుని, మొట్టమొదటిసారి సొంతంగా పురుగులు తెచ్చుకుంది.

"అక్కా, ఇది ఊరంతా సూడల్ల. పురుగులు పోయి అందరికన్నా గట్టిగా అరస్తాండే బాలప్పను పిలిసి ఒక్కసారి సూపిస్తే సాలు, నా గిన్నెల మీద పడిన నింద పోతాది."

"నీకు దండం పెడతా జయన్నా, నా పేరు యెత్తొద్దు. రైతుల పురుగులన్నీ సచ్చి, కూలిదాని పురుగులు బతికితే యేమంటారు? నేనే యేమన్నా సేసినా అంటారు. అనకపోయినా వొచ్చి సూస్తారు. ఆ కండ్లకే సస్తాయి ఇవి. గూళ్లు కట్టిందాకా ఓపిక పట్టు. ఆ పైన నేనే ఊరంతా సెప్తా."

"సరేలేక్కా," అని జయచంద్ర ఆమె చేతిలో చెయ్యి వేశాడు. మనసు మాత్రం ఊరుకోలేదు. "అయితే నీవొక్కదానివే యాల బతికినాయి?"

"నాకేం తెలుసప్పా. నా ఆకు నేను యేసుకుంటాండా. మేత యెక్కువైనప్పుడు సాలక సిద్ధమ్మ కాడికి పొయినా. అరువంటే కుదరదు, ఆకంతా బాలప్పోళ్లు ముందే అడిగి పెట్టినారు అనె. ఇంగేం సేసేది? వంక గట్టు మీద నాలుగు సెట్లుంటే అదీ కోసుకొచ్చి, కొంచిం కొంచిం యేస్తాండా."

జయచంద్ర ఆ మాట విని అక్కడే కూర్చుండిపోయాడు. తన గిన్నెలు అన్ని ఇళ్లలోనూ ఉన్న మాట నిజం. సిద్ధమ్మ తోటలోని ఆకు కూడా అన్ని ఇళ్లకూ వెళ్లింది, ఈ ఒక్క ఇంటికి తప్ప. చచ్చిన పురుగులు పచ్చటి రసం కక్కుకుని, తలలు ఊపి ఊపి, కురచబారి పోయాయని బాలప్ప పెళ్లాం ఏడుస్తూ చెప్పింది. అది రోగం కాదు, మందు తగిలిన వాలకం. సిద్ధమ్మ మల్బరీ తోటకు ఆనుకుని ఏముందో అతనికి గుర్తొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి మళ్లి ఆ గట్టు మీదుగా నడిచాడు. ఒక పక్క మల్బరీ. ఇంకో పక్క సిద్ధమ్మ కొడుకు వెంకటేష్ పెట్టిన టమోటా. టమోటా ఆకుల మీద తెల్లటి మరకలు ఎండి ఉన్నాయి. ఒకాకు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఘాటుకే తిరిగాయో, ఇన్నాళ్ల అవమానానికి తిరిగాయో అతనికే తెలియదు. గట్టు మీద కూర్చుని నవ్వుకున్నాడు. ఈ కథలో జయచంద్ర నవ్విన సందర్భాలు తక్కువ గనక చెప్పుకోవాలి.

నవ్వడానికి కారణం ఉంది. ఆ రోజే కుప్పం నుంచి గోవిందస్వామి వస్తున్నాడు. కుప్పం చుట్టుపక్కల పట్టు రైతులకు తట్టలు, చంద్రికలు అమ్మే పెద్ద వ్యాపారి. టైరు గిన్నెలు చూసి ముచ్చటపడి, ఎంత చేసినా నేనే తీసుకుంటానని మాటిచ్చాడు. తీరా ఈ గోల విని ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. "సిద్ధమ్మగారిని నేనే వచ్చి అడుగుతాను. ఆమె బాగుందంటే మన మాట మాటే. లేకుంటే ఇంతటితో సరి," అన్నాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పురుగుల సంగతిలో సిద్ధమ్మ మాటకున్న విలువ ఆయనకు తెలుసు.

ఆ బేరం పోతే జయచంద్రకు వేరే దారి లేదు. అతని తాత కాలం నుంచి వాళ్లు టైరు కోసి బతికినవాళ్లు. తాత టైరు చెప్పులు కోస్తే హవాయి చెప్పులు వచ్చి మింగేశాయి. తండ్రి బావుల్లో నీళ్లు చేదే రబ్బరు చేదలు కుట్టాడు. బోర్లు పడి బావులే ఎండిపోయాయి. జయచంద్ర గొడ్లకు కుడితి తొట్లు చేస్తే ప్లాస్టిక్ టబ్బులు సగం ధరకు దిగాయి. గ్రానైటు లారీల్లో రాళ్లకింద వేసే పట్టీలు చేసి కుప్పం క్వారీల చుట్టూ తిరిగితే, లారీవాళ్లు తమ పాత టైర్లు తామే కోసుకున్నారు. పనికిరాని టైరుకు పని వెతకడమంటే, పెళ్లిళ్ల పేరయ్య ఇంట్లోనే పెళ్లికాని పిల్ల ఉన్నట్టు. ఎంత తిరిగినా ఇంటి దగ్గర గుట్ట తరగదు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన అతని కొట్టం వెనక ఆ గుట్ట ఇంటి కప్పు దాటి పెరిగింది. ఆ కొట్టంలో అతనితో పాటు అతని వీధివాళ్లు మరికొందరు కత్తి పట్టుకుని కూర్చుంటారు. గిన్నెలు కూడా పోతే వాళ్లు బెంగుళూరు బస్సెక్కడం ఖాయం. అతనూ ఎక్కాల్సిందే.

అందుకే లేచి, దుమ్ము దులుపుకుని, సిద్ధమ్మ ఇంటికి నడిచాడు.

సిద్ధమ్మ పురుగుల ఇంట్లో ఉంది. తట్టలన్నీ బయట ఎండలో ఉన్నాయి. చచ్చిన పురుగుల్ని పూడ్చిపెట్టి, గోడలకు సున్నం కొడుతోంది. కూలివాళ్ల చేత చేయించుకోగల మనిషి తానే కుంచె పట్టుకుంది. జయచంద్ర అలవాటు ప్రకారం చెప్పులు దూరంగా విడిచి, కాళ్లు కడుక్కుని గడప దగ్గర నిలబడ్డాడు. పురుగులున్న ఇంట్లోకి చెప్పులు రాకూడదు. పట్టుపురుగంటే ఆ పల్లెల్లో లక్ష్మి. మొదట్లో టైరు గిన్నెలు తెచ్చినప్పుడు ఊరంతా అదే పట్టుకుంది, చెప్పులు కోసే రబ్బరు లక్ష్మి ఉండే ఇంట్లోకి ఎట్లా తెస్తారని. అప్పుడు సిద్ధమ్మే పసుపునీళ్లు చల్లి మొదటి గిన్నె తన ఇంట్లో పెట్టించింది. "బండి కింద తిరిగిన రబ్బరు దేశమంతా సూసింటాది, దానికేం మైల," అంది. ఆమె పెట్టాక అందరూ పెట్టారు.

"అమ్మా, ఒక మాట," అన్నాడు.

"నువ్వింగా ఊర్లోనే ఉండావా? బాలప్ప కంట పడితే కొడతాడు. పో నాయినా."

"రబ్బరు కాదమ్మా. ఆకు."

కుంచె ఆగలేదు. "యెవురు సెప్పిరి?"

"యెవురూ సెప్పలేదు. టమోటాకు మందు కొట్టినారు. గాలి ఇటు తోలింది. ఆ ఆకే అన్ని ఇండ్లకీ పొయ్యింది."

"ఊర్లో యెవురి పురుగులూ మిగల్లేదు. యెవురికీ మిగలనప్పుడు ఆకని నువ్వంటావు, రబ్బరని వాళ్లంటారు. దేనికేం రుజువు?"

రుజువు అతని నాలుక చివరే ఉంది. చేతిలో చెయ్యి వేసి వచ్చిన మాట కూడా దాని పక్కనే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఎదురుగా సిద్ధమ్మ అంత నిబ్బరంగా సున్నం కొడుతుంటే జయచంద్ర గడప దాటి లోపలికి వచ్చేశాడు.

"చిన్నక్క పురుగులు బతికే ఉండాయమ్మా. నా గిన్నెల మీదనే ఉండాయి. ఆమెకు నువ్వు ఆకు ఇయ్యలేదు."

కుంచె ఆగింది. సిద్ధమ్మ దాన్ని సున్నపు బక్కెట్లో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, వచ్చి తలుపు మూసింది. తలుపు మూశాక ఆమె ముఖం చూసి జయచంద్ర భయపడ్డాడు. ఒక్క నిమిషంలో మనిషి పదేళ్లు పెద్దదైంది.

"ఇంగెవురికి సెప్పినావు?"

"నీకే."

ఆమె నేల మీద కూలబడింది. "వెంకటేషు కొట్టినాడు. టమోటాకు పురుగు పడిందని, మదనపల్లెలో రేటు పలకతాండాదని నాకు సెప్పకుండా కొట్టినాడు. తెల్లారి నేను పోయి ఆకు కోయించినా. వాడు అప్పుడు మండీకి పొయ్యుండాడు. అందరికీ నేనే నా సేత్తో తూకమేసి ఇచ్చినా జయా. నా పురుగులకూ నేనే యేసినా."

"ఆ మాటే నలుగుర్లో అనమ్మా. తెలిసి సేసింది కాదు గదా."

"అంటే యేమైతాది? బాలప్ప కొడుకులు ఊరుకుంటారా? వాళ్లు ఊరుకున్నా వీడు ఊరుకోడు. పురుగులు సచ్చిన్నాటి నుంచి వాడు మెతుకు ముట్టలేదు. గోడపక్క తిరిగి పండుకోనుండాడు. మందు డబ్బా యాడ పెట్టినావు మా, అని నిన్న అడిగినాడు. యేమనడిగినాడో సూసినావా? యాడ పెట్టినావని. గడ్డివాములో దోపి పెట్టినా. యెన్ని దినాలు దాస్తా? అంగట్లో ఇంగొగ డబ్బా దొరకదా?"

ఆ మందు తాగి పోయినవాళ్లు జయచంద్రకూ తెలుసు. పోయినేడు టమోటా ధర లేక నిమ్మనపల్లె పక్కన ఒకడు, బోరు పడక రామసముద్రం దారిలో ఇంకొకడు. వాళ్ల శవాలు మోసిన ట్రాక్టరు అతని కొట్టం ముందునుంచే పోయింది.

"నీ గిన్నెలు ఇంగొగ ఊర్లో అమ్ముకుంటావు. నా కొడుకును నేను యాడ తెచ్చుకునేది?"

"ఇంగొగ ఊరు లేదమ్మా," అన్నాడు జయచంద్ర. తిట్టాలని వచ్చినవాడి గొంతులోంచి వేడుకోలు వచ్చింది. "కుప్పమాయన ఈ పొద్దే వస్తాండాడు. నిన్నే అడగతాడు. వెంకటేషు పేరు నాకొద్దు. ఆకు మాటా వొద్దు. రబ్బరు తప్పేం లేదప్పా, అని ఒక్క మాట అను. తప్పు యెవురిదో ఆయప్పకు అక్కరలేదు. నీకు కాళ్లు మొక్కుతా."

సిద్ధమ్మ లేచి బక్కెట్లోంచి మళ్లీ కుంచె తీసుకుంది. "సూస్తాలే," అంది చివరికి.

చూస్తానని అన్నవాళ్లు చేసింది ఎక్కడైనా చూశామా? కానీ మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరాయే. జయచంద్ర ఆ మాటనే గట్టిగా పట్టుకుని బయటికి వచ్చాడు.

గోవిందస్వామి జీపు మధ్యాహ్నం దాటాక వచ్చింది. జీపు చప్పుడుకు ఊరు పోగైంది. బాలప్ప ముందు నడుస్తూ, వెనక కొడుకుల చేత రెండు గంపల నిండా టైరు గిన్నెలు మోయించుకుంటూ వచ్చి సిద్ధమ్మ వాకిట్లో కుమ్మరించాడు. మిగతా ఇళ్లవాళ్లూ తమవి తెచ్చి వేశారు. ఎక్కడెక్కడి రోడ్ల మీదో అరిగి, మదనపల్లెలో చీలికలైన టైర్లు అన్నీ అక్కడ గుట్టగా చేరాయి. జయచంద్ర పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

"చెప్పులు కోసేవాని మాట ఇని లచ్చిమిని పోగొట్టుకుంటిమి," అన్నాడు బాలప్ప, వ్యాపారికి వినబడేటట్టు. బాలప్ప చెడ్డవాడు కాడు. ఈ పంట మీద కొత్త బోరు వేయిద్దామని ఊరందరితో చెప్పుకున్నవాడు. ఏడవలేక తిడుతున్నాడు.

గోవిందస్వామి అందరికీ నమస్కారం పెట్టి, ఒక గిన్నె చేతికి తీసుకుని, తిప్పి చూసి, వాసన చూసి, కింద పెట్టాడు. అరవం కలిసిన తెలుగు ఆయనది. "అమ్మా, నేను వేరే ఎవరినీ కేక్కలేదు, మిమ్మల్నే అడుగుతాను. పట్టు పని మీకు తెలిసినంత ఈ సుట్టూరా ఎవరికీ తెలీదు. దీంట్లో తప్పుందా?"

సిద్ధమ్మ గడప మీద నిలబడి ఉంది. ఆమె గిన్నెల గుట్టను చూసింది. బాలప్పను, అతని పక్కన చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డ కొడుకులిద్దరినీ చూసింది. వెనక నడవలో ఏదో కదిలింది. వెంకటేష్ లేచి వచ్చి గోడ ఆనుకుని నిలబడ్డాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, ఊరంతా ఎందుకు పోగైందో అర్థం కానట్టు చూస్తున్నాడు.

"మా ఊరికి కలిసిరాలేదప్పా," అంది సిద్ధమ్మ.

అంతే. రబ్బరును తిట్టలేదు, జయచంద్రను ఒక్క మాట అనలేదు. కలిసిరాలేదంది. కొత్త ఎద్దు కలిసిరాకపోతే అమ్మేస్తారు, కొత్త ఇల్లు కలిసిరాకపోతే పాడుబెడతారు. కలిసిరానిదానికి విచారణ ఉండదు, అప్పీలు ఉండదు. ఇంతకంటే తిట్టి ఉంటే బాగుండేదని జయచంద్రకు అనిపించింది.

అతను నోరు తెరిచాడు. ఆకు, మందు, గాలి, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. అప్పుడు గోడ దగ్గరున్న వెంకటేష్ అతనివైపు చూశాడు. చూసి, అతనికి తెలిసిపోయిందని గ్రహించాడు. దాచుకోవాలని కూడా ప్రయత్నించలేదు. చెప్పేసెయ్యి, నాకూ ఒక దారి దొరుకుతుంది అన్నట్టు నిలబడ్డాడు. జయచంద్ర తెరిచిన నోరు మూసుకున్నాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసేదాకా నిలబడే స్తోమతు మనిషికి ఉండాలి గదా. అతనికి లేదు.

గోవిందస్వామి అతన్ని జీపు దగ్గరికి తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ గిన్నెలో తప్పు లేదని నాకు తెలుస్తుందప్పా. అయినా నేనేం చేసేది? దీన్ని కుప్పంలో పెడితే, కొనేవాడు చూసి ఎగువపల్లె అంటాడు. ఎగువపల్లె అన్నాక ఇంటికి తీసుకుపోతాడా? వేరే ఏదన్నా చెయ్యి, చూద్దాం." వేరే ఏదన్నా అన్నమాట జయచంద్ర జీవితంలో ఎన్నిసార్లు విన్నాడో. జీపు రామసముద్రం దారి పట్టింది. దాని దుమ్ము అణిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

వెనక్కి వచ్చేసరికి బాలప్ప అగ్గిపెట్టె తీసి ఉన్నాడు. "ఇంటింటికీ సున్నం కొట్టినాము. ఈ పీడ గూడా బూడిదైతేగానీ ఇంగొగ పంట పెట్టేది లేదు. ఈడనే తగలబెడదాం."

"ఈడ వొద్దు," అంది సిద్ధమ్మ.

జయచంద్ర తలెత్తాడు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆమె మనసు మారిందనుకున్నాడు.

"రబ్బరు పొగ ఇండ్లల్లోకి దూరితే నెల దినాలు పోదు. రేపు మళ్లా పురుగులు తెచ్చుకునేవాళ్లం. వంక కాడికి ఎత్తుకోనిపోండి. గాలి ఊరి మీది నుంచి అటుపక్కే తోలతాండాది, మంచిదే. పొగ మన మీదికి రాదు."

ఆ మాటలో తప్పు పట్టేదేమీ లేదు. పెద్దమనిషి చెప్పవలసిన మాటే. గంపలు లేచాయి. జనం వంకవైపు కదిలారు. జయచంద్ర మాత్రం సిద్ధమ్మనే చూస్తున్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. కొడుకు భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. వంక పక్కన ఎవరి ఇల్లుందో, ఆ ఇంట్లో ఏమున్నాయో ఆమెకు తెలుసు. పొద్దున తెలియదు. తనే చెప్పాడు.

అతను పరుగెత్తాడు. వాళ్లు అప్పటికే వంక గట్టు మీద గిన్నెలు కుప్ప వేసి, కింద ఎండు కంప దోపుతున్నారు. చిన్నక్క ఇల్లు అక్కడికి కేకదూరం కూడా లేదు. తలుపు మూసి ఉంది.

"బాలప్పన్నా, ఈడ కాల్చొద్దు."

"యాల?"

అందరూ ఆగి అతన్నే చూశారు. యాల? బీడీ పొగకే మేత మానేసే జీవాలు ఆ తలుపు వెనక ఉన్నాయని చెప్పాలి. చెబితే ఆ తలుపు ఇప్పుడే తెరుస్తారు. తెరిచి చూస్తే ఈమెవి ఒక్కదానివే ఎందుకు బతికాయంటారు. ఆకు సంగతి బయటపడుతుంది. ఆకు బయటపడితే గడ్డివాము దాకా పోయేదెవరో అతనికి తెలుసు. ఎటు తిరిగినా ఒక ఇల్లు కూలుతుంది. ఎవరిది కూలాలో చెప్పమని ఊరు అతని ముఖం చూస్తోంది. ఇంత పెద్ద తీర్పు అడగడానికి వాళ్లకు చెప్పులు కోసేవాడే దొరికాడు.

"యాలప్పా అంటే పలకవే? నీ సొమ్ము కాలిపోతాదనా?" అన్నాడు బాలప్ప.

"నేను... నేను ఎత్తుకోనిపోతాను. మదనపల్లెకు. మీకు కండ్లకు కనపడకుండా ఎత్తుకోనిపోతాను."

"ఎత్తుకోనిపోయి ఇంగొగ ఊర్లో పెడతావు. ఆ పాపం మాకెందుకు?"

జయచంద్ర కుప్ప మీద పడి రెండు చేతులా గిన్నెలు లాగి పక్కకు విసిరాడు. బాలప్ప కొడుకులు అతని రెక్కలు పట్టుకుని వెనక్కి ఈడ్చారు. కొట్టలేదు. పిచ్చివాణ్ని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. బాలప్ప కిరసనాయిలు చల్లి అగ్గిపుల్ల గీశాడు.

రబ్బరు అంత సులభంగా అంటుకోదు. అంటుకుంటే ఆరదు. ముందు కంప చిటపటలాడింది, తరువాత గిన్నెల అంచులు ఉబ్బి కారడం మొదలైంది. ఆ తరువాత పొగ లేచింది. నల్లగా, చిక్కగా, ఎక్కడానికి బరువైనట్టు నేలబారుగా కదిలింది. గాలి సిద్ధమ్మ చెప్పినట్టే ఉంది. పొగ ఊరివైపు ఒక్క పాయ కూడా తిరగలేదు. వంక గట్టు వెంట సాగి, చిన్నక్క ఇంటి గోడకు తగిలి, చూరు కింద దూరే చోటు వెతుక్కుంది.

తలుపు తెరుచుకుంది. చిన్నక్క చేతిలో ఆకు గంపతో గడప మీదికి వచ్చింది. మంటను చూసింది, మంట చుట్టూ చేరిన ఊరిని చూసింది. ఇద్దరి చేతుల్లో చిక్కి పెనుగులాడుతున్న జయచంద్ర దగ్గర ఆమె చూపు ఆగింది. తలుపు మళ్లీ మూసి లోపలికి పోతుందనుకున్నాడు. పోలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నలుగురిలోకి నడిచి వచ్చి, అతని ముందు నిలబడింది.

"యెవురికి సెప్తివి జయన్నా?" అంది.